పత్రికకూ కుడిమరామత్తు కావాలి

పత్రికలు మూతపడుతున్న కాలమిది. 2020లో కరోనా లాక్‌డౌన్ వచ్చీ రాగానే ఆంధ్రభూమి అచ్చు ఆగిపోయింది. మరుసటేడు విపుల, చతుర, తెలుగు వెలుగు, బాలభారతం ఒక్కసారిగా పాఠకుల దగ్గర సెలవు తీసుకున్నాయి. విపుల, చతుర 1978 నుంచి నెలనెలా ఇళ్ళకు వచ్చిన పత్రికలు. వాటి వెనక పెద్ద సంస్థ ఉంది, సొంత ప్రెస్సులున్నాయి, ఊరూరా ఏజెంట్లున్నారు. వాటికే ఆ గతి పట్టింది. మరి నాలుగు కాగితాలు మడిచి, కట్టలు కట్టి, వారానికొకసారి బస్సు మీద వేసి పంపే ఉద్యమ పత్రిక ఏ ధైర్యంతో బతకాలి?

ఇది ఒక్క పత్రిక గోడు కాదు. కరువు సీమకు తన మాట తాను చెప్పుకునే నోరు ఉంటుందా, ఉండదా అన్నదే ఇక్కడ తేలాల్సిన విషయం. నోరు లేని ప్రాంతానికి నీళ్ళు రావు, నిధులు రావు. వచ్చినా ఎవరికి వచ్చాయో అడిగే దిక్కుండదు. అందుకే పత్రికను నిలబెట్టేది ఏమిటో పాఠక మిత్రులందరం కలిసి ఆలోచించాలి.

మన పెద్దలకు కుడిమరామత్తు అనే కట్టుబాటు ఒకటుండేది. వానలకు ముందు ఊరంతా కదిలి చెరువులో పూడిక తీసేది. కట్ట మీద మన్ను పోసేది. తూము సరిచేసేది. ఇంటికొక మనిషి, మనిషికొక గంప. ఆ పని చేసినంత కాలం అది ఊరి చెరువు. మరామత్తు చూసుకోవడానికి సర్కారు ఉందిలే అనుకున్న రోజు నుంచి కట్ట మీద పార పడటం మానింది. తుమ్మచెట్లు మొలిచాయి, గండ్లు పడ్డాయి. పత్రికా అంతే. డబ్బిచ్చి కొని, చదివి, మడిచి పక్కన పెట్టేవాళ్ళు ఎంతమంది ఉన్నా అది ఎవరిదో పత్రికే. గంప ఎత్తేవాళ్ళున్నప్పుడే అది మన పత్రిక అవుతుంది.

పాఠకుడు ఎవరు?

ముందు ఈ లెక్క తేలాలి. మంత్రాలయం చుట్టుపక్కల ఏ ఊరికైనా పోయి చూడండి. పత్రిక ఒక ప్రతి వస్తే అది ఉగ్గాని, బజ్జీలమ్మే హోటలు బల్ల మీద ఉంటుంది. పొద్దున ఒకరు పైకి చదువుతారు. చుట్టూ కూర్చున్నవాళ్ళు వింటారు, మధ్యలో ఆపుతారు, తిడతారు, తమకు తెలిసింది కలుపుతారు. మధ్యాహ్నానికి ఆ కాగితం నలిగి, టీ మరకలు పడి, రచ్చకట్ట మీదికి చేరుతుంది. ఏజెంటు పుస్తకంలో అది ఒక్క ప్రతి. ఊళ్ళో అది ఒక సభ.

2011 జనాభా లెక్కల్లో కర్నూలు జిల్లా అక్షరాస్యత 60 శాతానికి అటూ ఇటూ. ఉమ్మడి రాష్ట్ర సగటు 67 శాతం. ఆ జిల్లాలోనూ పడమటి మండలాలు మరీ వెనక. కోసిగి, కౌతాళం, పెద్దకడుబూరు, మంత్రాలయం పల్లెల నుంచి పంట పోయిన ఏడల్లా కుటుంబాలకు కుటుంబాలే సుగ్గికి బయలుదేరుతాయి. గుంటూరు సీమలో మిరపకాయ కోయడానికి, పత్తి తీయడానికి మూటాముల్లె కట్టుకొని పోతాయి. పిల్లలూ వెంట పోతారు. బడిలో హాజరు పట్టీ ఉంటుంది, పలకడానికి పిల్లలుండరు. ఇంకో సంగతి. ఇక్కడ తుంగభద్ర దాటితే రాయచూరు. ఇంట్లో కన్నడం, బడిలో తెలుగు మాట్లాడే కుటుంబాలు ఎన్నో.

ఈ మనుషులు చందాదారుల జాబితాలో ఉండరు. అయినా మన పత్రిక ఎవరి గురించి రాస్తుందో వాళ్ళు వీళ్ళే. చదివేవాళ్ళను మాత్రమే పాఠకులుగా లెక్కిస్తే సీమలో సగం మందిని బయట నిలబెట్టినట్టే. వినేవాడూ పాఠకుడే. పక్కవాడికి చదివి వినిపించేవాడు పాఠకుడు మాత్రమే కాదు, పత్రికకు సగం సంపాదకుడు.

సీమ పత్రికల వారసత్వం

ఈ మాట కొత్తగా కనిపెట్టింది కాదు. కర్నూలులో 1883లో పుట్టిన గాడిచర్ల హరిసర్వోత్తమరావు 1908లో బెజవాడ నుంచి స్వరాజ్య పత్రిక నడిపారు. తెల్లదొరల పాలనను ఎండగట్టిన రాతకు మూడేళ్ళు జైలు శిక్ష పడింది. బయటికొచ్చాక ఆయన జీవితంలో ఎక్కువ భాగం దేనికి ఖర్చు పెట్టారో గమనించండి. గ్రంథాలయోద్యమానికి, వయోజన విద్యకు. రాసి జైలుకు పోయిన మనిషికి చదివేవాళ్ళను తయారుచేయడం రాయడమంత ముఖ్యమని అర్థమైంది. పాఠకుడు ఆకాశం నుంచి ఊడిపడడు. వాడిని కూడా ఉద్యమమే తయారుచేసుకోవాలి.

1926లో అనంతపురంలో పప్పూరు రామాచార్యులు సాధన పత్రిక పెట్టారు. స్వాతంత్ర్య పోరాటంలో ఆయన జైలు పాలయ్యారు, పత్రికకు ఆటంకాలు వచ్చాయి. తర్వాత అదే శ్రీ సాధన అయింది. 1928 నవంబరులో నంద్యాలలో ఆంధ్ర మహాసభ జరిగినప్పుడు దత్తమండలాల వాళ్ళు కడప కోటిరెడ్డి అధ్యక్షతన విడిగా సమావేశమయ్యారు. దత్తమండలాలు అంటే నిజాము ఆంగ్లేయుడికి ధారపోసిన జిల్లాలు. ఒకడు ఇంకొకడికి ఇచ్చేసిన సొత్తు అనే పేరు మాకొద్దు అన్నారు. చిలుకూరి నారాయణరావు రాయలసీమ అనే పేరు సూచించారు. ఆ సభలో తీర్మానం పెట్టినవారు ఈ పప్పూరు రామాచార్యులే. పేరు పెట్టడం ఒక పూట పని. ఆ పేరు జనం నాలుక మీద నిలవడానికి ఏళ్ళు పట్టింది. సభలో పుట్టిన మాటను వారం వారం అచ్చువేసి తాలూకాలకు చేర్చడానికి పత్రిక కావలసి వచ్చింది.

1937 నవంబరు 16న శ్రీబాగ్ ఒడంబడిక జరిగింది. ఎక్కడ జరిగింది? మద్రాసులో కాశీనాథుని నాగేశ్వరరావు ఇంట్లో. ఆయన ఎవరు? 1908లో బొంబాయిలో ఆంధ్రపత్రిక స్థాపించినవారు. రెండు ప్రాంతాల పెద్దలు కూర్చొని మాట్లాడుకోవడానికి ఒక పత్రికాధిపతి లోగిలి వేదికైంది. కృష్ణా తుంగభద్ర నీళ్ళలో సీమకు ముందు వాటా అనీ, రాజధానో హైకోర్టో సీమ కోరుకోవచ్చనీ అక్కడ రాసుకున్నారు. 1953 అక్టోబరు 1న కర్నూలు రాజధాని అయింది. 1956 నవంబరు 1న హైదరాబాదుకు తరలిపోయింది. ఒడంబడిక మీద సంతకాలు పెట్టినవాళ్ళు పోయారు. అయినా ఈ రోజు డిగ్రీ కాలేజీ పిల్లవాడు శ్రీబాగ్ అనే మాట పలుకుతున్నాడంటే కారణం ఏమిటి? చిన్న పత్రికలు, కరపత్రాలు, పది మంది కూర్చున్న సభలు ఆ మాటను చేతులు మారుస్తూ వచ్చాయి.

ఏటి అవతలి పాఠం

తుంగభద్రకు అవతలి గట్టున, అలంపురం సీమలోని ఇటిక్యాలపాడు సురవరం ప్రతాపరెడ్డి స్వగ్రామం. కర్నూలులో చదువుకున్న మనిషి. 1926లోనే హైదరాబాదులో గోలకొండ పత్రిక ప్రారంభించారు. నిజాం రాజ్యంలో తెలుగు పత్రిక నడపడం అప్పుడు నిప్పుతో చెలగాటం. ఆ రాజ్యంలో తెలుగు కవులు పూజ్యమని ఒక పండితుడు రాసినప్పుడు ప్రతాపరెడ్డి ఏం చేశారు? కోపంగా సంపాదకీయం రాసి ఊరుకోలేదు. పాఠకులకు పిలుపునిచ్చారు. మీ ఊళ్ళో కవి ఉన్నాడా, ఆయన వివరాలు పంపండి, పద్యాలు పంపండి అన్నారు. ఊళ్ళు పలికాయి. 1934లో గోలకొండ కవుల సంచిక వెలువడింది. అందులో 354 మంది కవులు.

ఇందులో మనకు పనికొచ్చే కిటుకు ఉంది. సంపాదకుడు ఒక్కడే వాదిస్తే అది ఇద్దరు పండితుల తగాదాగా మిగిలేది. పాఠకులకు చేతిలో పని పెట్టాడు కాబట్టి అది ఒక ప్రాంతం ఇచ్చిన జవాబు అయింది. అభిప్రాయం అడిగితే పాఠకుడు తలూపుతాడు. పని చెబితే లేచి నిలబడతాడు. తన ఊరి కవి పేరు అచ్చులో చూసుకున్నవాడు ఆ పత్రికను ఇక వదలడు.

అయితే మంచి పత్రిక పెడితే చాలు, పాఠకులు వాళ్ళంతట వాళ్ళే నిలబెడతారు అనుకోవడం కూడా పొరపాటే. 1968లో కడప నుంచి రాచమల్లు రామచంద్రారెడ్డి సంవేదన తెచ్చారు. తెలుగు విమర్శలో దాని స్థానం చిన్నది కాదు. మొహమాటం లేని రాత, గీటురాయి లాంటి చూపు. రారా చుట్టూ కూడిన కడప రచయితలు ఆ తర్వాత సీమ కథకు దారి చూపారు. రారా సారస్వత వివేచనకు 1988లో కేంద్ర సాహిత్య అకాడమీ బహుమతి వచ్చింది. కానీ సంవేదన ఎక్కువ కాలం నడవలేదు. రచయితల బలగం ఉంది, ఖర్చు మోసే బలగం లేదు. సీమలో ఎన్నో పత్రికల చావు ఇలాంటిదే. మెచ్చుకున్నవాళ్ళు ఎక్కువ, చందా పంపినవాళ్ళు తక్కువ. పోయాక సంతాప సభకు అందరూ వస్తారు.

పలక పట్టిన చేయి

చదువు రానివాళ్ళతో పత్రికకేం పని అని అడిగే మేధావులున్నారు. వాళ్ళు దూబగుంటను గుర్తు తెచ్చుకోవాలి. నెల్లూరు జిల్లాలో 1991లో అక్షరాస్యతా ఉద్యమం మొదలైంది. వాచకంలో సీతమ్మ కథ అని ఒక పాఠం. సారా అంగడిని మూయించిన ఊరి ఆడవాళ్ళ కథ అది. దూబగుంట ఆడవాళ్ళు ఆ పాఠం చదివారు, చర్చించుకున్నారు, తమ ఊళ్ళోనూ అదే చేశారు. వాళ్ళ కథ మళ్ళీ పాఠమై వేరే ఊళ్ళకు పోయింది. సారా వేలం పాటలు సాగనివ్వని రోజులొచ్చాయి. దినపత్రికలు పేజీలు కేటాయించాయి. 1993లో కర్నూలు జిల్లా మనిషి కోట్ల విజయభాస్కరరెడ్డి ముఖ్యమంత్రిగా ఉండగా రాష్ట్రంలో సారా నిషేధం వచ్చింది. 1995లో ఎన్టీ రామారావు మద్య నిషేధం తెచ్చారు. 1997లో దాన్ని ఎత్తేశారు, అది వేరే కథ. అప్పుడే అక్షరాలు కూడబలుక్కుంటున్న ఆడవాళ్ళు చదివింది ఒక్క పాఠం. కానీ అందులో వాళ్ళ ఇల్లుంది, వాళ్ళ ఏడుపుంది, వాళ్ళు చేయగల పని ఉంది. పాఠకులను కదిలించే రాతకు ఇంతకంటే వేరే సూత్రం ఎక్కడా దొరకదు.

మన సీమలోనే చిత్తూరు జిల్లాలో 2001లో నవోదయం పత్రిక పుట్టింది. పొదుపు సంఘాల్లోని పల్లె ఆడవాళ్ళే విలేకరులై ఊరూరూ తిరిగి వార్తలు రాశారు. 2002లో ఉత్తరప్రదేశ్ చిత్రకూట్‌లో ఖబర్ లహరియా మొదలైంది. అక్కడా దళిత, గ్రామీణ స్త్రీలే విలేకరులు, భాష వాళ్ళ బుందేలీ. వార్త రాసింది మన రామక్క కూతురంట అంటే చదువు రాని అవ్వ కూడా చదివించుకొని వింటుంది.

ఏటి అవతల కన్నడ దేశంలో ఇంకో పాఠం ఉంది. 1980లో లంకేశ్ పత్రికె అనే టాబ్లాయిడ్ వచ్చింది. ప్రకటనలు తీసుకోలేదు. పాఠకుడు ఇచ్చే విడి ప్రతి డబ్బుతోనే బతికింది. అందుకే ముఖ్యమంత్రికీ భయపడలేదు, వ్యాపారికీ తల వంచలేదు. సారా అబూబకర్ వంటి కొత్త రచయిత్రులకు చోటిచ్చింది. అయితే అది ఒక్క మనిషి పేరు మీద, ఒక్క మనిషి కలం మీద నడిచిన పత్రిక. 2000 జనవరిలో లంకేశ్ పోయాక ఇల్లు రెండయింది. 2005లో కూతురు గౌరి వేరే వారపత్రిక పెట్టుకున్నారు. 2017 సెప్టెంబరు 5న ఆమెను బెంగళూరులో ఇంటి ముందే కాల్చి చంపారు. పాఠకుడి డబ్బుతో బతకడం పత్రికకు ధైర్యమిస్తుంది. పాఠకుడి చేతులు కూడా కలిస్తేనే మనిషి పోయినా పత్రిక నిలుస్తుంది.

ఉద్యమ పత్రికల జబ్బు

ఇప్పుడు మనలో మన మాట. ఉద్యమ పత్రికలకు ఒక పాత జబ్బుంది. మొదటి ఏడు జనం బాధలు రాస్తాయి. రెండో ఏడు నాయకుల పర్యటనలు రాస్తాయి. మూడో ఏడు నాయకుల పుట్టినరోజు శుభాకాంక్షలు రంగుల్లో వేస్తాయి. అప్పటికి పాఠకుడికి అర్థమవుతుంది, ఇది తన కోసం వచ్చే కాగితం కాదని. చప్పట్లు కొట్టే గుంపుగా తనను వాడుకుంటున్నారని. ఏమీ అనడు. మెల్లగా మానేస్తాడు. ఏజెంటు దగ్గర రిటర్నులు పెరుగుతాయి. సంపాదకుడేమో జనంలో చైతన్యం లేదని వాపోతాడు.

ఇంకో ముప్పు చేతిలోని ఫోను. క్షణానికొక సందేశం. చూశాం, కోపం తెచ్చుకున్నాం, పదిమందికి పంపాం, మరచిపోయాం. అందులో ఏది నిజమో, ఏది ఎప్పటిదో ఎవరికీ పట్టదు. కోపం మాత్రమే పంచుకున్నవాళ్ళు గుంపు అవుతారు. పని పంచుకున్నవాళ్ళే సమాజం అవుతారు.

చేయవలసింది

కాబట్టి ఆవేశపు మాటలు కాసేపు పక్కన పెట్టి పనుల జాబితా రాసుకుందాం.

మొదటిది, ఊరికొక చదువరి. వారంలో ఒక పూట, సంత రోజైతే మరీ మంచిది, పత్రికను పైకి చదివే మనిషి కావాలి. చదవడంతో పని అయిపోదు. విన్నవాళ్ళు ఏమన్నారో నాలుగు వాక్యాలు రాసి పంపాలి. ఆ నాలుగు వాక్యాలు మరుసటి వారం అచ్చులో కనబడాలి. తన మాట అచ్చులో విన్నవాడు పై వారం ఇంకొకరిని వెంటబెట్టుకొని వస్తాడు.

రెండోది, ఉత్తరాల పేజీ. పొగడ్తలు వేసుకోవడానికి ఆ పేజీ అక్కరలేదు. మీ లెక్క తప్పు, మా ఊరికి కాలువ నీళ్ళు రాలేదు, మీ నాయకుడు మా దగ్గర ఇలా అన్నాడు అని నిలదీసే ఉత్తరాలకు ముందు చోటివ్వాలి. జవాబు అక్కడే ఇవ్వాలి. రాష్ట్రం విడిపోతే సీమకేం ఒరుగుతుంది అని నిజాయితీగా అడిగేవాడిని ద్రోహి అనకూడదు. వాడి ప్రశ్నకు జవాబు చెప్పలేని ఉద్యమం రేపు ఢిల్లీకి ఏం చెబుతుంది?

మూడోది, వెంటబడే వార్త. బోరు చెడిపోయిందనో, పంటల బీమా డబ్బు పడలేదనో ఒక వారం రాసి మరచిపోతే లాభం లేదు. పోయిన నెల రాసిన సమస్య ఏమైందో ప్రతి నెలా చిన్న పట్టీ వేయాలి. తీరినవి, తీరనివి, జవాబు చెప్పని ఆఫీసు ఏది, అన్నీ అందులో ఉండాలి. ఆ పట్టీ కోసమే పత్రిక కొనే రోజు వస్తుంది.

నాలుగోది, సుగ్గి సంచిక. వలస మొదలయ్యే ముందు, తిరిగొచ్చాక. కూలి ఎంత మాట్లాడుకున్నారు, ఎంత చేతికొచ్చింది, పిల్లల చదువు ఏమైంది, వాళ్ళ నోటితోనే రాయాలి. విద్యార్థి మిత్రులకు ఇది అప్పగింత. సెలవులకు ఊరికి పోయినప్పుడు ఇంటి పెద్దల మాటలు రాసుకురండి. 2009 అక్టోబరులో తుంగభద్ర మంత్రాలయాన్ని, కర్నూలును ముంచినప్పుడు మీ ఊళ్ళో ఏం జరిగిందో చూసినవాళ్ళు ఇంకా ఉన్నారు. వాళ్ళ జ్ఞాపకం కాగితం మీదికి ఎక్కకపోతే వాళ్ళతోనే పోతుంది. పత్రికకు పంపేముందు ఇద్దరిని అడిగి నిజం తేల్చుకోండి. చెప్పినవాళ్ళు పేరు వద్దంటే పేరు వేయకండి.

ఐదోది, ఉద్యోగ మిత్రులకు. 1964 నాటి ప్రవర్తనా నియమావళి మీ చేతులు కట్టేస్తుందని తెలుసు. సర్కారును విమర్శిస్తూ సంతకం పెట్టి రాయలేరు. కానీ అచ్చయిన జీవోను రైతుకు అర్థమయ్యే తెలుగులోకి విడమరచి చెప్పడం, దరఖాస్తు ఎలా పెట్టాలో నేర్పడం, బహిరంగంగా ఉన్న బడ్జెట్ పుస్తకంలో సీమ పద్దు ఎక్కడుందో చూపించడం చేయవచ్చు. జీతమున్న చేయి ఒక చందా తనకు, ఒక చందా ఊరి గ్రంథాలయానికి కడితే పత్రిక పొయ్యి ఆరదు.

ఆఖరిది, లెక్కలు. ఎన్ని ప్రతులు వేశాం, ఎన్ని తిరిగొచ్చాయి, చందాలు ఎంత, అప్పు ఎంత, కాగితానికి ఎంత, ఏడాదికొకసారి పత్రికలోనే అచ్చువేయాలి. ఊరి చెరువు లెక్క రచ్చకట్ట మీద చెప్పినట్టే ఇదీ చెప్పాలి. పైసా ఎటు పోయిందో తెలిసిన మనిషే రెండో పైసా ఇస్తాడు.

వీటిలో ఏ ఒక్కదానికీ కోట్లు అక్కరలేదు. మనుషులు కావాలి. ఈ సంచిక చదివిన ప్రతి ఒక్కరూ ఈ వారం చేయాల్సిన పని ఒక్కటే. చదవడం రాని ఒకరికి ఇందులో ఏదో ఒక పేజీ పైకి చదివి వినిపించండి. ఆయన ఏమన్నాడో, ఆమె ఏమందో ఒక కార్డు ముక్క మీద రాసి పంపండి. తిట్టినా సరే, తిట్టినట్టే రాయండి. మొదటి గంప మన్ను అదే.